కట్టెబొగ్గు మూట

మద్దిలపాలెంలో మా వీధి చివర బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే అక్క, ఏ నీళ్లనైనా దోసిట్లోకి తీసుకుని ముందు వాసన చూసేది. ఆవిడ బండి పక్కన తొట్టిలో కలువలు పూసేవి.

మా డాబా మీది నలభై లీటర్ల తొట్టిలో మాత్రం కలువ తొలి మొగ్గ వేయగానే నీళ్లు కంపు కొట్టాయి. రెండు చేపలు చచ్చిపోయాయి. మూడోది పైకి తేలి నోరు తెరుస్తోంది. వెళ్లి అక్కకు చెప్పాను.

“బొగ్గెయ్యి బాబూ, కంపు లాగేత్తాది.”

“లీటరుకు ఎన్ని గ్రాములక్కా?”

“తూకమేటి? గుప్పెడు సాలు.”

నాది పోర్టులో పని. బొగ్గంటే నాకు ఓడలోంచి దిగేదే. రోడ్డు మీద రాలిన ముక్కలు ఏరి, రెండు వందల గ్రాములు తూచి తెచ్చాను. ఆవిడ పడీ పడీ నవ్వింది.

“ఇది రాచ్చసిబొగ్గు! ఉన్న సేపని కూడా సంపీసీలాగున్నావు. నాను సెప్పింది కట్టెబొగ్గు!”

తన సంచిలోని బొగ్గును మసి పోయేదాకా కడిగి, గుడ్డలో మూటకట్టి మా డాబా ఎక్కింది. కుళ్లిన ఆకులు తీసేసి, సగం నీళ్లు మార్చి, మూటను తొట్టిలో వేసింది.

నాలుగో రోజుకు తొట్టి అడుగు కనిపించింది. చేప కిందికి దిగి తిరుగుతోంది. మరో రెండు రోజులకు మొగ్గ విచ్చింది. ఆ మాట చెప్పడానికి పరుగెత్తాను.

“రేకులు లెక్కెట్టీసుంటావు!” అంది, చేతిలో పెట్టె దించకుండానే.

పదిహేడు. ఆవిడకు చెప్పలేదు.