నా లారీ కింద నలగని నిమ్మకాయలు

ఆ రోజుల్లో (ఎన్నో ఏళ్లు కాలేదు లెండి, మీసం సరిగ్గా ఒత్తుగా రాకముందు, అంతే) ప్రపంచంలోని తెలివంతా ఒక స్ప్రింగులోనే ఉందని నా నమ్మకం. రాజపాళయంలో మా మామ బ్యాండేజీ గుడ్డల కొట్లో పగలంతా బిల్లులు రాసేవాణ్ణి. మనసు మాత్రం ఇంట్లో ఉన్న రిమోట్ లారీ మీదే. చోళపురం పక్క బీడులో విజయదశమి నాడు ఆ చిన్న బండ్లకు పందెం. మొదట్లో నా లారీ మలుపులో గుంత తగిలితే చాలు, బొక్కబోర్లా పడేది. దానితో కుస్తీ పట్టి పట్టి, చివరికి మెత్తటి స్ప్రింగులు వేసి, రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్‌లో తేనెలాంటి చిక్కటి సిలికాన్ ఆయిల్ పోశాను. పల్చటి ఆయిల్ ఉంటే గాలిలోకి లేచిన చక్రమే ఊరికే గిరగిరా తిరుగుతుంది, నేల మీది చక్రానికి బలం అందదు. చిక్కటిది పోస్తే రెండూ కలిసి లాగుతాయి. ఇక గుంతయినా రాయైనా నా బండి మెత్తగా ఎక్కి దిగేది. పందెం నాదేనని నాకు నేనే ప్రకటించేసుకున్నాను.

ముందురోజు ఆయుధ పూజ. మామ స్కూటరుకు, కొట్లోని కత్తెరలకు, నా స్క్రూడ్రైవర్లకు చందనం పూసిన అవ్వ నా లారీని చూసి, "ఇదీ బండే కదరా, రేపు ఊరు దాటి పోతాది. దీని కిందా నిమ్మకాయ పెట్టాల" అంది. చక్రానికొకటి పెట్టి, "ఇంగ పోనీ!" అంది. రిమోటు నొక్కాను. లారీ నిమ్మకాయలు ఎక్కింది, దిగింది, వాకిట్లోకి పోయి నిలబడింది. నిమ్మకాయలు నిగనిగలాడుతూ ఉన్నచోటే ఉన్నాయి.

ఇల్లంతా కొయ్యబారిపోయింది. హారతి పళ్లెం పట్టుకున్న అత్త తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది.

"అయ్యయ్యో, నలగలేదే!" అంది అవ్వ గుండె మీద చెయ్యేసుకొని. "నిమ్మకాయ నలగని బండి వాకిలి దాటరాదు. రేపు నువ్వు పోవద్దు."

"నలపకుండా ఎక్కి దిగేదే దీని గొప్ప అవ్వా! దానికోసమే ఇన్నాళ్లు కష్టపడినాను."

"గొప్ప సెరి. దిష్టి ఎవురు తీస్తారు? స్ప్రింగా?"

మామ తన వంతు ఆజ్యం పోశాడు. "మన లోడు వ్యానుకు టెంకాయ పెట్టినా నలుపుతాది. స్ప్రింగు గట్టిగా ఉండాల రా."

పందెం పోతుందన్న భయంతో నా బుర్ర పనిచేయడం మానేసింది. (పూజలో పెట్టిన పనిముట్లు ఆ రోజు ముట్టకూడదు. అవ్వే అమ్మవారికి లెంపలేసుకొని స్క్రూడ్రైవరు తీసిచ్చింది.) మధ్యాహ్నమంతా కూర్చుని గట్టి స్ప్రింగులు బిగించాను. చక్రం నిమ్మకాయ మీదికి మెత్తగా ఎక్కకూడదంటే దాని బలం తగ్గాలి కదా అని, మళ్లీ ఊళ్లో దొరకని ఆ చిక్కటి ఆయిల్ కాస్తా ఒంపేసి పల్చటిది నింపాను. ఈసారి లారీ నిమ్మకాయను గుద్ది, ఎగిరి, నైవేద్యం బొరుగుల్లో తలకిందులుగా పడింది. చక్రాలు గాలిలో తిరుగుతూనే ఉన్నాయి. నిమ్మకాయకు గీత కూడా పడలేదు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ తక్కువా తీరిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ నా మొహం చూసింది. వంటింట్లోకి పోయి, నిమ్మకాయను కత్తిపీట మీద సగానికి కోసి తెచ్చి చక్రం కింద పెట్టింది. లారీ కదిలింది, రసం కారింది.

"నలిగింది! ఇంగ పో నాయనా."

నేను నిర్ఘాంతపోయాను. "ఈ మాట పొద్దున్నే చెప్పరాదా అవ్వా?"

"పొద్దున నువ్వు ఏడవలేదు కదరా."

మర్నాడు, మళ్లీ విప్పి మార్చే వేళ లేక ఆ గట్టి స్ప్రింగులు, పల్చటి ఆయిల్‌తోనే పోతే, మొదటి మలుపులోనే నా లారీ పల్టీల మీద పల్టీలు కొట్టి ముళ్లకంపలో ఆగింది. చూస్తున్నవాళ్లు కూడా అయ్యో అన్నారు. మొహం వేలాడేసుకొని ఇంటికొచ్చాను.

"జెయించినావా?" అంది అవ్వ.

"పల్టీ కొట్టింది."

ఆమె లారీని తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి కళ్లకద్దుకుంది. "ఒక్క చక్రమన్నా విరగలేదే! చూసినావా, నిమ్మకాయ కాపాడింది."

నేను గెలవాలని విప్పి బిగించినదంతా నీళ్లపాలైంది. ఆమె మొక్కింది బండి క్షేమంగా తిరిగి రావాలని, అది మాత్రం వచ్చింది. ఇది అప్పుడు నా బుర్రకెక్కలేదు. అలిగి ఆ రాత్రి అన్నం మానేశాను. గోడవైపు తిరిగి పడుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. పక్కన కూర్చొని, "లేచి తినరా, లారీ ఇంటికొచ్చింది కదా" అని చెప్పాలనిపిస్తుంది.