పసుపు పెట్టిన పీపీఈ సూట్లు

ఆ కరోనా రోజుల్లో, ప్రపంచంలో నాకు తెలియని సంగతంటూ లేదని గట్టిగా నమ్మేదాన్ని. డిగ్రీ రెండో ఏడు, పాఠాలన్నీ ఫోన్‌లోనే (కెమెరా ఆపేసి బెండకాయలు తరిగినా మేడమ్‌కు తెలిసేది కాదు). సూరత్‌లో మా తెలంగాణ నేతవాళ్ల గల్లీలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది, మగవాళ్లు చాలామంది రైళ్లెక్కి ఊళ్లకు పోయారు. అప్పుడే ఊళ్లోని పాండేసర పేటలో చీరలకు అంచులు కుట్టించే సేటు ఒకాయన డాక్టర్లకు పీపీఈ సూట్లు కుట్టే ఆర్డరు పట్టాడు. మనుషులు దొరక్క, ఇళ్లలో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే ఆడవాళ్లను కార్ఖానాకు పిలిచాడు. అందరికన్నా ముందు వెళ్లి కరెంటు మిషన్ ముందు కూర్చున్నది మా మేనత్త. ఆమెకది ఎన్నేళ్ల కోరికో! నన్నూ లాక్కెళ్లి కుట్ల మీద టేపు అతికించే పనిలో పడేసింది.

ఆ వారమే మా క్లాసులో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమాన కర్మాగారాల్లో పనిచేసిన స్త్రీల గురించి పాఠం చెప్పారు. మగవాళ్లు యుద్ధానికి పోతే, వీళ్లు తలకు గుడ్డ కట్టుకుని విమానం రెక్కలు బిగించారట. కార్ఖానాలో అన్నాలప్పుడు నేనది ఆడవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటారనుకుంటే ప్రశ్నలు కురిశాయి.

"మరి ఇంట్ల వంటెవరు జేసిండ్రే?"

"పిల్లగాండ్లనెవరు సూసుకున్నరు?"

"గంత కష్టపడి జేసిండ్రు గద, ఒక్కసారన్న ఆ ఇమానం ఎక్కనిచ్చిండ్రా వాళ్లను?" అంది మేనత్త.

నాకు తెలియదు. మర్నాడు మేడమ్‌ను అడిగితే, సిలబస్‌లో లేదన్నారు.

"పోనీ, యుద్ధం అయిపోయినంక?" అంది మేనత్త, ఆ రోజు అన్నాల దగ్గర.

ఇది తెలుసు. "మగవాళ్లు తిరిగొచ్చిండ్రు అత్తా. వీళ్లల్ల శానమందిని ఇంటికి పంపిండ్రు."

మేనత్త చేతిలోని ముద్దను మళ్లీ గిన్నెలో పెట్టేసి, లేచి మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు (అన్నీ తెలిసినదాన్ని కదా).

రెండు రోజులకు మొదటి లాటు సూట్లన్నీ ఆస్పత్రి నుంచి వెనక్కి వచ్చాయి. ప్రతి సూటుకూ కాలి కొసన పచ్చటి మరక! సేటు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నయా కపడా హై సేఠ్! హల్దీ బినా కైసే పెహనేగా డాక్టర్?" అంది మేనత్త. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా మా ఇళ్లలో ఎవరూ తొడుక్కోరు. అందులోనూ రోగుల మధ్యకు పోయే డాక్టర్లాయె! సేటు మాత్రం, సాయంత్రానికి మరకలు పోకపోతే రేపటినుంచి ఎవరూ రావద్దన్నాడు.

వెంటనే నా చదువు పనికొచ్చింది. సబ్బుతో రుద్దాను. పసుపు కాస్తా ఎర్రబడింది.

"నీ సదువు జర పక్కకు వెట్టు బిడ్డా," అంది మేనత్త. "ఎండల ఆరేద్దాం పట్టు. పసుపు ఎండకు ఆగదు."

కార్ఖానా మేడ మీద సూట్లన్నీ వరసగా పరిచాం. ఎదురింటివాళ్లు చూసి, మేడ నిండా రోగులు పడి ఉన్నారని మున్సిపాలిటీకి ఫోన్ చేశారు. కార్ఖానా గల్లీకి అడ్డం కట్టడానికి వెదురు బొంగులతో మనుషులు దిగారు. గల్లీ మూస్తే సూట్లు బయటికి పోవు, మా పనీ ఉండదు. మేనత్త మేడ అంచుకు వచ్చి, ఒక సూటు చెయ్యి పట్టుకుని వాళ్లకు టాటా చెప్పించింది. బొంగులు పట్టుకున్నవాళ్లు పడీ పడీ నవ్వి వెళ్లిపోయారు. ఎండ పొద్దుగూకేలోపు పసుపునంతా తాగేసింది, లాటు పాసైంది.

కొన్ని నెలలకు మగవాళ్లు తిరిగొచ్చారు. సేటు మళ్లీ చీరలకు మళ్లాడు, మమ్మల్ని ఇక ఇళ్లలోనే రాళ్లు అతికించుకోమన్నాడు. "చరిత్రల ఎప్పుడూ గిట్లనే అత్తా," అన్నాను పెద్ద ఆరిందాలా.

"అట్లనా? అయితే మీ అత్త పోలేదని గూడ రాయి నీ చరిత్రల," అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి అదే మిషన్ ముందు కూర్చుంది. సేటు వచ్చి కాసేపు చూశాడు, తల గోక్కున్నాడు, చివరికి చీరల కట్ట ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆ ఏడు పరీక్షలో విమానాల ఆడవాళ్ల మీద ప్రశ్న వచ్చింది. పేజీలకు పేజీలు నింపి మంచి మార్కులే తెచ్చుకున్నాను. వాటిలో మేనత్త మాట ఒక్క ముక్క లేదు. ఆమె సిలబస్‌లో లేదని కాబోలు, ఆ పందొమ్మిదేళ్ల పండితురాలికి తట్టనే లేదు.