గ్రేస్ అక్క వేసిన కుర్చీ

ఇది ఎవరో చెప్తే విన్నది కాదండి. నా చెవులతో నేను విన్నది. మా అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇలాగే చెప్తాను. ఒక్క ముక్క కలపను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. కానీ ఆ రాత్రి ఆ మేడ మీద ఉన్నవాళ్ళెవరూ ఇంతవరకూ నవ్వలేదు...

అప్పుడు నేను డిగ్రీ సెకండియర్. తాడేపల్లిగూడెం నుంచి పెంటపాడు వెళ్ళే దారిలో మా కాలేజీ. వెనకాలే ఆడపిల్లల హాస్టల్. గోడ దాటితే వరిచేలు. వానాకాలం వచ్చిందంటే రాత్రంతా కప్పలు... ఒకటే అరుపు. కొత్త పిల్లలకి ఆ గోలలో నిద్రపట్టేది కాదు. మాకు అలవాటైపోయింది.

మా హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. పిల్లల మధ్య గొడవొస్తే తిన్నగా వార్డెన్ మేడం దగ్గరికి వెళ్ళేవాళ్ళం కాదు. మాకో కమిటీ ఉండేది. అంతస్తుకి ఒకళ్ళని మేమే ఎన్నుకునేవాళ్ళం. బాత్రూం దగ్గర వంతు తప్పారని, బకెట్ తీసుకెళ్ళి ఇవ్వలేదని, ఫోన్లో గట్టిగా మాట్లాడి నిద్ర చెడగొడుతున్నారని... అన్నీ అక్కడే తేలేవి. కమిటీ చెప్పిందంటే మేడం కూడా కాదనేవారు కాదు. మేడ మీద అంతస్తుకి నన్ను ఎన్నుకున్నారు. మా అందరికీ పెద్ద గ్రేస్ అక్క.

గ్రేస్ అక్కది ఏలూరు. ఫైనలియర్. వాళ్ళ నాన్నగారు చర్చి స్కూల్లో మాస్టారు. మనిషి చిన్నగా ఉండేది, కళ్ళజోడు. గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. బయట మమ్మల్ని "ఏమే" అని పిలిచే మనిషి, కమిటీలో కూర్చుంటే మాత్రం ఫస్టియర్ పిల్లనైనా "మీరు" అనేది. "చెప్పండి, మీరు చెప్పేదాకా ఎవరూ అడ్డురారు" అనేది. ఒకళ్ళు చెప్పడం అయ్యాక, రెండోవాళ్ళు వెంటనే తమ గోడు మొదలుపెట్టకూడదు. ముందు అవతలి మనిషి ఏమందో తిరిగి చెప్పాలి. ఆ మనిషి "అవును, నేను చెప్పింది ఇదే" అన్నాకే తమ మాట. సగం గొడవలు అక్కడే చల్లారిపోయేవి. నేను పక్కన కూర్చుని చూస్తూ ఉండేదాన్ని... ఈవిడకి ఇంత ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని.

సరే. అసలు సంగతికొస్తాను.

ఆ ఏడు వానలు పట్టుకున్నాక మా అంతస్తులో చప్పుడు మొదలైంది. అందరూ పడుకున్నాక... వరండా ఆ చివరి గది తలుపు మీద... టప్... టప్... టప్. వేళ్ళతో కొట్టినట్టు కాదు. తడి అరచేత్తో తట్టినట్టు. మెత్తగా. కాసేపాగి పక్క గది. మళ్ళీ ఆ పక్కది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. మేడంతో చెప్తే, వానకి చెక్క ఉబ్బి చప్పుడు చేస్తుందమ్మా, పడుకోండి అన్నారు. ఉబ్బిన చెక్క వరసగా ఒక్కో తలుపూ తట్టుకుంటూ వస్తుందా అండి?

పిల్లలు వణికిపోయారు. ఇద్దరు జ్వరం తెచ్చుకుని ఇంటికెళ్ళిపోయారు. అప్పుడు నా రూమ్మేట్ లావణ్య ఒక మాట అంది. రాత్రి తను మంచినీళ్ళకి లేస్తే, వరండాలో సునీత ఒక్కతీ నిలబడి ఉందట. కాళ్ళకి చెప్పుల్లేకుండా, చేల వైపు చూస్తూ. పిలిస్తే పలకలేదట.

సునీత ఫస్టియర్. చుట్టూ నీళ్ళుండే కొల్లేరు లంక ఊరి పిల్ల. వాళ్ళ నాన్న ఎవరివో చేపల చెరువులకి కాపలా ఉండేవాడు. ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. అంతే... మర్నాటికల్లా హాస్టలంతా పాకిపోయింది. తలుపులు కొడుతున్నది సునీతే. కావాలని భయపెడుతోంది. పంపించెయ్యాలి.

పంపించెయ్యడం అంటే ఆ పిల్ల చదువు ఆగిపోయినట్టే. వానాకాలంలో ఆ లంకనుంచి రోజూ కాలేజీకి రావడం అయ్యే పని కాదు.

కమిటీ కూర్చుంది. లావణ్య తను చూసింది చెప్పింది. అబద్ధం చెప్పే మనిషి కాదు లావణ్య. గ్రేస్ అక్క సునీత వైపు తిరిగింది.

"లావణ్య గారు ఏం చెప్పారో ఒకసారి చెప్పండి."

సునీత తల దించుకునే చెప్పింది. ఒక్క మాట పోకుండా చెప్పింది.

"ఇప్పుడు మీ మాట చెప్పండి."

"ఇంటి దగ్గర తెల్లారగట్ట నాన్నతో పాటు లేచేదాన్నండి. గాలి చాలక చేపలు పైకి తేలుతున్నాయేమోనని చెరువు చూడ్డానికి. ఆ అలవాటు పోలేదు. ఇక్కడా మెలకువొచ్చేస్తుంది. లేచి వరండాలోకి వస్తాను."

"తలుపులు మీరు కొట్టారా?"

ఆ పిల్ల తన అరచేతుల వైపు చూసుకుంది.

"నేను కాదని చెప్పలేనండి," అంది. "అందరూ నేనే అంటున్నారు. ఒక్కోసారి వరండాలోకి ఎప్పుడొచ్చానో నాకే గుర్తుండదు. నిద్రలో ఏం చేస్తున్నానో నాకేం తెలుసండి..."

గదిలో గుసగుసలు. ఇంకేముంది, ఒప్పేసుకుంది అన్నారు ఎవరో. నేనూ అలాగే అనుకున్నాను. మేడంకి చెప్పేద్దాం అక్కా అన్నాను కూడా.

గ్రేస్ అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తెలీదు అంటే ఒప్పుకున్నట్టు కాదు," అంది. "తనకే తెలీని దానికి తనని ఎలా పంపిస్తాం? ముందు తనకి తెలియాలి. ఈ రాత్రి అందరం కలిసి కూర్చుందాం."

ఆ రాత్రి మా అంతస్తు పిల్లలందరం స్టడీ రూంలో చేరాం. గదులన్నిటికీ బయట గడియలు పెట్టించింది అక్క. అంతకుముందు ప్రతి గదిలోకీ తనే వెళ్ళి, మంచం కిందకి కూడా వంగి చూసొచ్చింది. మెట్ల దగ్గర గ్రిల్ గేటుకి తాళం. తాళంచెవి తన చున్నీ కొసన ముడేసుకుంది. స్టడీ రూం తలుపుకి లోపల గడియ. సునీతని మధ్యలో కూర్చోబెట్టింది. ఒక చెయ్యి తను పట్టుకుంది. రెండో చెయ్యి... "మీరు పట్టుకోండి" అంది లావణ్యతో.

కూర్చున్నాం. బయట సన్నగా వాన. కప్పలు ఒకటే గోల. గూడెం వైపు రైలు వెళ్ళిన చప్పుడు. కొంతమంది పిల్లలు గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నారు. ఇక ఏమీ రాదులే అనుకున్నాను...

టప్... టప్... టప్.

వరండా ఆ చివర.

ఎవరూ కదల్లేదు. నేను సునీత చేతుల వైపు చూశాను. రెండూ వాళ్ళిద్దరి చేతుల్లోనే ఉన్నాయి. ఆ పిల్ల కళ్ళు ఇంత పెద్దవయ్యాయి.

టప్... టప్... టప్. రెండో గది.

ఆ గదుల్లో ఎవరూ లేరండి. మేమందరం ఇక్కడే ఉన్నాం. ఖాళీ గదుల తలుపులు ఒక్కోటే తట్టుకుంటూ వస్తోంది. తొందరేం లేదు దానికి. ప్రతి తలుపు దగ్గరా ఆగుతోంది... ఎవరైనా పలుకుతారేమోనని చూస్తున్నట్టు. మా గది తలుపు తట్టినప్పుడు... అంటే నేనూ లావణ్యా ఉండే గది... లావణ్య ఏడ్చేసింది. చప్పుడు లేకుండా. సునీత చెయ్యి మాత్రం వదల్లేదు.

తర్వాత స్టడీ రూం తలుపు.

టప్.

ఒక్కసారే.

గ్రేస్ అక్క సునీత చెయ్యి నా చేతిలో పెట్టింది. లేచింది. వద్దక్కా అని చున్నీ పట్టుకోబోయాను, అందలేదు. తలుపు దగ్గరికెళ్ళి, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు అంది:

"ఏవండీ... లోపల ఒకళ్ళ మాట వింటున్నామండి. మీరు చెప్పేదేమైనా ఉంటే అదీ వింటాం. ఒక్క నిమిషం."

గడియ తీసింది.

వరండా ఖాళీ. ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. తలుపులన్నిటికీ గడియలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అక్క ఒక ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి వరండాలో వేసింది. దానికి ఎదురుగా ఇంకోటి వేసుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రోజూ కమిటీలో ఎలా కూర్చుంటుందో, అలాగే.

"చెప్పండి," అంది. "మీరు చెప్పేదాకా ఎవరూ అడ్డురారు."

అప్పుడు కప్పలు ఆగిపోయాయి.

ఒకటీ రెండూ కాదండి. చేలన్నీ... ఒక్కసారిగా. ఎవరో నోరు మూసినట్టు. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. చూరునుంచి చినుకు పడితే వినపడుతోంది. నేనూ లావణ్యా సునీత చేతులు వదలకుండా గుమ్మానికి ఈవలే నిలబడ్డాం. నాకు అక్క వీపు కనపడుతోంది, ఎదురుగా ఖాళీ కుర్చీ కనపడుతోంది.

కిర్ర్...

మనిషి కూర్చుంటే ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు కొంచెం ఎడంగా జరుగుతాయి చూడండి... ఆ చప్పుడు.

అక్క కదల్లేదు. మొహం తిప్పుకోలేదు. ఎదురుగా మనిషి ఉంటే ఎంత ఎత్తులో చూస్తామో, అంత ఎత్తులోనే చూస్తూ కూర్చుంది. ఎంతసేపో నాకు తెలీదు. నా చేతిలో సునీత వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

తర్వాత... చాలా నెమ్మదిగా... ఒక మాట వినపడింది.

"సరేనండి."

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. కప్పలు ఒకటొకటిగా మొదలుపెట్టాయి. అక్క రెండు కుర్చీలూ లోపలికి తెచ్చి గడియ వేసింది. సునీత ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"చూశావు కదే. నువ్వు కాదు," అంది. కమిటీలో కూర్చున్నప్పుడు ఆవిడ "నువ్వు" అనడం అదొక్కసారే విన్నాను. సునీత అక్క భుజం మీద తలపెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు మెస్‌లో అందరి ముందూ అక్క కమిటీ మాట చెప్పింది. తలుపుల సంగతికీ సునీతకీ సంబంధం లేదు, ఇక ఆ మాట ఎవరూ అనకూడదు. అంతే. దెయ్యమనలేదు, భూతమనలేదు. లావణ్య లేచి, అందరూ వింటుండగా సునీతని క్షమించమని అడిగింది. ఆ రోజు నుంచే తన మంచం సునీత గదికి మార్చుకుంది. ఆ పిల్లకి మెలకువొస్తే తనూ లేచి వరండాలో తోడు నిలబడేది.

ఆ చప్పుడు ఆ రాత్రితో ఆగిపోయిందని చెప్పాలని ఉంది నాకు. ఆగలేదు. వానాకాలం అయ్యేదాకా అప్పుడప్పుడూ వచ్చేది. కానీ దానికి ఎవరూ ఏ పిల్ల పేరూ పెట్టలేదు. అందరం లేచి, ఒక గదిలో చేరి, అది వెళ్ళిపోయేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆ తర్వాత ఒక్కళ్ళు కూడా హాస్టల్ వదిలి వెళ్ళలేదు.

మొన్న వానాకాలంలో సునీత పెళ్ళయింది. ఇప్పుడు స్కూల్లో టీచరు. లంకలో పెళ్ళంటే అందరం వెళ్ళాం. గ్రేస్ అక్కా వచ్చింది, నెరిసిన వెంట్రుకలు కనపడుతున్నాయి, అదే కళ్ళజోడు. భోజనాలయ్యాక చెరువు గట్టు మీద కూర్చున్నాం, నేనూ అక్కా లావణ్యా. ఇన్నేళ్ళుగా కడుపులో ఉన్నది అడిగేశాను.

"అక్కా, ఆ రాత్రి సరేనండి అన్నారు కదా. మీకేం వినపడింది? దేనికి సరే అన్నారు?"

అక్క నా వైపు తిరిగింది.

"నేనా? నేనేం అనలేదే."

"అన్నారక్కా. గుమ్మం దగ్గర నేను విన్నాను."

"నాలుక పిడచకట్టుకుపోయిందే నాకు. చెప్పండి అన్నాక మళ్ళీ నోరు తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు. లేచి పారిపోవాలనుంది. రమ్మని కుర్చీ వేసి, మధ్యలో లేచిపోతే బాగోదని కూర్చున్నాను, అంతే." తర్వాత తనే అడిగింది. "అసలు నువ్వు విన్నది... ఆడగొంతా, మగగొంతా?"

నేను లావణ్య వైపు చూశాను. లావణ్య నా వైపు చూస్తోంది. తనూ విందండి ఆ మాట. ఆ రాత్రే నాతో చెప్పింది.

అక్క అబద్ధమాడదు. మేమిద్దరం విన్నది అబద్ధం కాదు. గొంతు ఎలా ఉందో గుర్తుచేసుకుందామని ఎన్ని రాత్రులు ప్రయత్నించానో... మాట వినపడుతుంది, గొంతు మాత్రం అందదు. అక్క గొంతేనని అప్పుడు అనుకున్నాను కాబట్టి నా చెవిలో అక్క గొంతే ఉండిపోయింది. అది కాదంటే... ఏమో అండి. నాకు తెలీదు.