సొరబుర్రలో మొదటి గుక్క

మొన్న సోమవారం పొద్దున నేను దుకాణం తెరిచి ఉప్పు బస్తా మూతి విప్పేసరికి పక్క దుకాణం తలుపులు ఇంకా వేసే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆయనకంటే ముందు నేను తెరిచిన రోజు అదొక్కటే. అబద్ధమెందుకు, ముందు సంతోషించాను. కాసేపటికి వాళ్లింటి వైపు నుంచి ఏడుపులు వినిపించాయి. తాళ్ల బావ నిద్రలోనే పోయాడు.

మాకు చుట్టరికమేమీ లేదు. మద్దేడ్ బజారులో ఆయనది తాళ్లు, బొక్కెనల దుకాణం, నాది ఉప్పు దుకాణం. ఆయన నన్ను బావా అన్నాడు, నేనూ అన్నాను, అంతే. మన సేవా క్లబ్బు కరపత్రంలో ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని బడి మాస్టారు నన్ను అడిగారు. ఆయన్ని చూసి నా అంత కుళ్లుకున్నవాడు బస్తర్ సంస్థానం మొత్తంలో ఇంకొకడు లేడని పాపం మాస్టారికి తెలియదు.

ఎవరైనా చాంతాడు కొనడానికి వస్తే ఆయన ముందు "బాయి ఎంత లోతు?" అని అడిగేవాడు. చెప్పినదానికి ఒక మూర కలిపి కోసేవాడు. "ఎండకాలం నీళ్లు కిందికి పోతయి గదా. ఈ మూర అప్పటికి" అనేవాడు. ఆ ఒక్క మూరకే జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. నేను ప్రతి తూకానికీ గుప్పెడు ఉప్పు ఎక్కువే వేశాను. ఎవరికైనా గుర్తుందా?

ఇంద్రావతి పొంగి వాగు అవతలి పల్లె మునిగిన ఏడు మీ అందరికీ తెలుసు. బావిలోకి వరద నీళ్లు చేరాయి, గత్తర, అదే కలరా, వస్తుందని భయం. బావుల్లో వేసే ఎర్రమందు క్లబ్బు తరఫున జగదల్‌పూర్ నుంచి తెప్పించింది నేను. ఎడ్లబండి మాట్లాడింది నేను. దారి పొడుగునా బురదలో చక్రం తోసింది కూడా నేనే. బావ నాలుగు తాళ్లు భుజాన వేసుకుని వెనకాల నడిచి వచ్చాడు.

తీరా వెళ్తే, ఆడవాళ్లంతా ఆయన చుట్టూ చేరి నవ్వుతున్నారు. ఆయన బొక్కెనలకు ముడులు వేస్తున్నాడు. నాకు మండిపోయింది. చిటికెడు వేయాలి, నీళ్లు లేత గులాబీ రంగుకు తిరిగితే చాలు, అని మందిచ్చిన డాక్టరుగారు రెండుసార్లు చెప్పి పంపారు. నలుగురూ నా వైపు చూడాలని పొట్లం మొత్తం దులిపేశాను. చూశారు. నీళ్లు నేరేడుపండు రసంలా అయ్యాయి.

"ఏంది శేఠ్, బాయిల నెత్తురు పోసినవా?" అన్నాడు ఊరి పటేల్. "ఇగ మా ఆడోళ్లు ముట్టరు."

కుండలు ఎత్తుకుని అందరూ వాగు వైపు తిరిగారు. ఆ బురద నీళ్లు తాగితే గత్తర రావడం ఖాయం.

బావ వచ్చి బావిలోకి తొంగి చూశాడు. నా చేతిలో ఖాళీ పొట్లం చూశాడు.

"మొత్తం ఏసినవా బావా?" అన్నాడు మెల్లగా.

"ఊ" అన్నాను.

"మంచిదే తియ్" అని పటేల్ వైపు తిరిగాడు. "ఈసారి మందు గట్టిది పంపిండ్రు పటేలా. గత్తరకు గట్టిదే గావాలె. ఈ నీళ్లు తోడి పారబోద్దాం, కొత్త ఊట రానియ్."

పొద్దు వాలేదాకా తోడాం. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. కొత్త ఊటతో నీళ్లు గులాబీ రంగుకు వచ్చాయి. అయినా ఎవరూ ముందుకు రాలేదు. ఆ పల్లెలో ఏం తాగినా పోయిన పెద్దల కోసం ముందు నాలుగు చుక్కలు నేల మీద పోస్తారు. బావ, పటేల్ దగ్గర సొరబుర్ర అడిగి తీసుకుని, నీళ్లు నింపి, అచ్చం వాళ్లలాగే నేల మీద నాలుగు చుక్కలు పోసి, గటగటా తాగేశాడు.

"చప్పగున్నయి. మా బావను ఉప్పు సుత ఏయమందునా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వి, తాగారు. ఆ రోజు నుంచి అది తాళ్ల శేఠ్ బావి.

క్లబ్బులో కూడా "మందు గట్టిది పంపారు" అనే చెప్పాడు. పోయేదాకా ఇంకెవరికీ వేరే మాట చెప్పలేదు. ఒక్కసారి దెప్పి ఉంటే హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఆ అవకాశమూ ఇవ్వలేదు. అందుకే నిజం ఇవాళ నేనే చెబుతున్నాను.

వానలు వెనకపట్టాక ఏటా మందు వేస్తాం కదా, నిన్న ఆ పల్లెకు నేనొక్కణ్ణే వెళ్లాను. చిటికెడే వేశాను. కుండలతో నిలబడ్డవాళ్లు నా వెనక దారి వైపు చూశారు.

"తాళ్ల శేఠ్ రాలే?"

చెప్పాను. తర్వాత పటేల్ బావిలోంచి నీళ్లు తోడి సొరబుర్ర నింపి నా చేతికిచ్చాడు.

"ఈ ఏడు ముందుగాల నువ్వు తాగు. నువ్వు తాగితెనే మావోళ్లు తాగుతరు."

ఇన్నేళ్లూ నేను కుళ్లుకున్నది దీనికే. రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చాను. పటేల్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు శేఠ్. మొదాలు మీ బావకు పొయ్."

పోశాను. ఎండకు ఆరిన నేల మీద గులాబీ నీళ్లు పడి, మెల్లగా ఇంకుతున్నాయి. ఇక్కడా ఆయనదే మొదటి గుక్క. ఆ తడి పూర్తిగా ఇంకేదాకా సొరబుర్ర పట్టుకుని నిలబడి, అప్పుడు తాగాను.