చెంచాలతో తవ్విన దీవి

అల్ ఖోబర్‌లో నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో, కష్టపడకుండా ప్రాజెక్టు చేసే మార్గం ఒకటి కనిపెట్టాను. స్కూలు ప్రదర్శనకు ఎవరికి నచ్చిన దీవి నమూనా వాళ్ళు చేసి తెమ్మన్నారు. నేను మాయమైపోయిన దీవిని ఎంచుకున్నాను. కాలిఫోర్నియా తీరంలో చూమాష్ అనే ఆదివాసులు తరతరాలుగా బతికిన చిన్న గుట్టలాంటి దీవి అది. ఇప్పుడు లేదు కాబట్టి అట్టకు నీలం రంగు పూసి తీసుకెళ్ళాను. ఖచ్చితమైన నమూనా అని ఇప్పటికీ నా నమ్మకం. మా టీచర్ నమ్మకం వేరు. మర్నాడు, అంటే శుక్రవారం సాయంత్రం ప్రదర్శన మొదలయ్యేలోగా, సరైనది తేకపోతే అందులో నాకిచ్చిన బల్ల ఇంకొకరికి ఇస్తానన్నారు. మా నాన్న అప్పటికే ప్రదర్శన చూడటానికి ఆఫీసులో సగం మందిని పిలిచేశారు.

శుక్రవారాలు మా ఇంటికి మామయ్య భోజనానికి వచ్చేవాడు. జగిత్యాల దగ్గర మా అమ్మ పుట్టిన ఊరివాడు. కంపెనీ క్యాంపులో ఉంటూ బుల్డోజర్ నడిపేవాడు. నా గోడు విని, అన్నంలో పచ్చిపులుసు కలుపుకుంటూ, దీవి ఎట్లా మాయమైందని అడిగాడు. మునిగిపోయిందేమో అన్నాను. చదవలేదని ఒప్పుకోవడం కంటే అది గౌరవంగా తోచింది.

"మన్ను మాయంగాదు అల్లుడా. ఆడ తవ్విన్రంటే ఏడనో పోసిన్రు. పోసిన జాగ దేవులాడు."

అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో వెతికి, పైకి చదివాను. పక్కనున్న చిత్తడినేలలో విమానాశ్రయం కోసం ఆ గుట్టను తవ్వి పోశారట. చూమాష్ వాళ్ళ ఇళ్ళు, పెద్దల సమాధులు ఉన్న మట్టి. మామయ్య తినడం ఆపేశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడేమో అనుకున్నాను. ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాడు.

తిన్నాక పళ్ళెంలో తడి ఇసుకతో గుట్ట కట్టాడు. సౌదీలో ఇసుకకు కరువు లేదు గదా. పొర మీద పొర వేసి అరచేత్తో అదిమి, పక్కన చిత్తడినేలకు గుర్తుగా నీళ్ళ పల్లం చేశాడు. తర్వాత వంటింట్లోని టీ చెంచాలన్నీ నా చేతిలో పెట్టి, వచ్చినవాళ్ళను తలో చెంచా తవ్వి పల్లంలో పొయ్యమని చెప్పమన్నాడు.

సాయంత్రం వచ్చినవాళ్ళంతా నా బల్ల ముందు వరస కట్టారు. ప్రిన్సిపల్ గారు సరదాపడి రెండు చెంచాలు తవ్వారు. గంటలో పల్లం చదునైంది. ఆయన మళ్ళీ ఇటుగా వచ్చి, దీవి ఏదని అడిగారు.

మీరంతా కలిసి తవ్వేశారు సార్, అన్నాను. నేల పోయినా చూమాష్ వాళ్ళు పోలేదని, ఆ తీరంలోనే ఇప్పటికీ ఉన్నారని చెప్పాను. టీచర్ నా బల్ల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఇదంతా ఎవరు నేర్పారని ప్రిన్సిపల్ గారు అడిగితే, మూల నిలబడ్డ మామయ్యను చూపించి, ఇంజినీరని చెప్పేశాను. చుట్టూ నాన్న ఆఫీసువాళ్ళున్నారు మరి.

మామయ్య ముందుకొచ్చాడు.

"ఇంజినీర్ను గాదు సార్. డోజర్ నడుపుత. గా సముద్రం పక్కపొంటి రోడ్డు సాపు జేసింది నేనే. ఆ మన్ను ఏ గుట్ట మీదికెళ్ళి వచ్చిందో గూడ ఎరికె నాకు."

ఆ హాల్లో అంత నిటారుగా నిలబడ్డ మనిషి ఇంకొకరు లేరు. నాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది లైట్లు వెలిగే పగడపు దిబ్బకు పోయింది. లైట్లతో పోటీ పడలేం. కానీ అప్పట్నుంచి నా పనిని ఉన్న పేరుతోనే చెప్పుకుంటున్నాను. అది ఏం కట్టిందో చెప్పేటప్పుడు, దేన్ని తవ్విందో కూడా చెబుతాను.