అకరణీయంలో 'అ'

తెలుగులో మాట ముందు 'అ' వచ్చి చేరిందంటే ఆ మాట తలకిందులైనట్టే. న్యాయం అన్యాయమవుతుంది, సత్యం అసత్యమవుతుంది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి లెక్కల పుస్తకం రాసిన మహానుభావులకు మాత్రం పట్టలేదు. సగం, ముప్పావు లాగా భిన్నంగా రాయగలిగిన బుద్ధిమంతులైన సంఖ్యలకు అకరణీయ సంఖ్యలని పేరు పెట్టారు. రూట్ టూ లాగా ఏ భిన్నానికీ లొంగకుండా, దశాంశ బిందువు తర్వాత అంతూ పొంతూ లేకుండా పోయేవాటిని కరణీయ సంఖ్యలన్నారు. నాగాయలంక దగ్గర మా హైస్కూల్లో లెక్కల మాస్టారిని ఇదేంటండీ అని అడిగితే, "ఎందుకని అడక్కండర్రా, బట్టీ కొట్టండి" అన్నారు. కొట్టాను. ఇరవై ఏళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది బందరులో వచ్చింది. మొన్న జూన్‌లో అక్కడి ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పడానికి చేరాను. చేర్చుకునేటప్పుడే ప్రిన్సిపాల్ గారు, "తెలుగు మీడియంలో చదివారు కదా, మేనేజ్ చేయగలరా అండీ?" అని అడిగారు. చేయగలనండీ అన్నాను. ఆ "కదా" మాత్రం నా చెవిలోంచి పోలేదు. రోజూ అవనిగడ్డ నుంచి బస్సులో వెళ్తూ, ఆ రోజు చెప్పబోయే పాఠాన్ని మనసులోనే ఇంగ్లీషులోకి మార్చుకునేదాన్ని.

ఒక శనివారం సంఖ్యల రకాలు చెబుతున్నాను. పుస్తకం ముట్టుకోకుండా చెబితే దర్జాగా ఉంటుందని నా పిచ్చి. చేపల్ని ఒకటి, రెండు, మూడని లెక్కపెడితే నేచురల్ నంబర్లు, వల ఖాళీగా వస్తే సున్నా, దాన్ని కూడా కలుపుకుంటే హోల్ నంబర్లు, రొయ్యల చెరువులో నీళ్ళు కర్ర మీది గీత కంటే కిందికి దిగితే మైనస్, అవీ కలిస్తే ఇంటిజర్లు అంటూ వెళ్తున్నాను. పిల్లలు నవ్వుతూ రాసుకుంటున్నారు. అంతలో వరండాలో ప్రిన్సిపాల్ గారి చెప్పుల చప్పుడు వినిపించి గుమ్మం దగ్గర ఆగింది. చెప్పబోయే ఇంగ్లీషు మాట కాస్తా మర్చిపోయాను. పి బై క్యూ రూపంలో, అంటే భిన్నంగా రాయగలిగితే అకరణీయం అని తెలుగులో తట్టింది. 'అ' ఉంది కాబట్టి ఇంగ్లీషులో దాని ముందు 'ఇర్' ఉండాలి. ఇర్రేషనల్ అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేశాను. రూట్ టూ పక్కన రేషనల్ అని రాశాను.

రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచింది. వాళ్ళమ్మ బందరులోనే చేపలు అమ్ముతుంది. క్లాసులో నన్ను నమ్మి, చెప్పింది చెప్పినట్టు రాసుకునేది ఆ అమ్మాయే.

"మేడం, బుక్కులో పి బై క్యూని రేషనల్ అని ఉందండి."

గుమ్మం దగ్గర ప్రిన్సిపాల్ గారు ఇంకా నిలబడే ఉన్నారు. "బుక్కుల్లో ప్రింటింగ్ మిస్టేకులుంటాయమ్మా. నేను చెప్పింది రాసుకో, కూర్చో" అన్నాను, కాస్త కసురుతూనే. అమ్మాయి "సరేనండి" అని కూర్చుంది. చెప్పుల చప్పుడు ముందుకు వెళ్ళిపోయింది.

తిరుగు బస్సు చల్లపల్లిలో ఆగినప్పుడు, సోమవారం పాఠం చూసుకుందామని పుస్తకం తీశాను. మొదటి పేజీలోనే ఉంది. రేషనల్ అంటే రేషియో, నిష్పత్తి. పి బై క్యూ. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. పక్క సీటావిడ "కళ్ళు తిరుగుతున్నాయా అమ్మా?" అని మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

ఆదివారం చర్చిలో ప్రార్థనకు తల వంచితే నా బోర్డే కనిపించింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో సరిదిద్దుదామని టైపు చేశాను. ఆ గ్రూపులో ప్రిన్సిపాల్ గారు కూడా ఉన్నారని గుర్తొచ్చి చెరిపేశాను. అలా నాలుగుసార్లు. మా ఆయన చూసి, "రేపు వెళ్ళి బుక్కే కరెక్టని చెప్పెయ్. తప్పు అనే మాట ఎత్తకు, ఎవరూ పట్టించుకోరు" అన్నారు. అదే చేద్దామనుకున్నాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, ఆ సలహా నాకు నచ్చింది. తెలుగు మీడియం మనిషినని అందరికీ తేలిపోతే ఇక ఆ స్టాఫ్ రూములో తలెత్తుకోలేనని నా భయం.

సోమవారం మొదటి పీరియడ్‌కే నోటుబుక్కులు చూడ్డానికి ప్రిన్సిపాల్ గారు వచ్చారు. నేను ఆవిడ కంటే ముందు రెండో బెంచీ దగ్గరికి వెళ్ళాను, అమ్మాయి నోటుబుక్కు ఎలాగైనా తీసేసుకుందామని. నోటుబుక్కు పక్కన లెక్కల పుస్తకం తెరిచి ఉంది. అందులో రేషనల్ అన్న ప్రతి మాట ముందూ 'ఇర్' అని నీలం పెన్నుతో రాసి ఉంది. ఇర్రేషనల్ అని ఉన్నచోటల్లా 'ఇర్'ని స్కేలు పెట్టి కొట్టేసింది. పేజీ తర్వాత పేజీ, పాఠం చివరి దాకా. నేను తిప్పుతుంటే అమ్మాయి, "మిస్టేకులు అన్నీ సరిచేశానండి మేడం" అంది.

ఇక మా ఆయన సలహా నా నోటికి రాలేదు.

"పుస్తకంలో తప్పు లేదు. తప్పు నాది. నాకు తెలియకే తిరగేసి చెప్పాను" అన్నాను, క్లాసంతటికీ వినిపించేలా. ప్రిన్సిపాల్ గారు, "ఇంటర్వెల్‌లో ఒకసారి ఆఫీసుకి రండి" అని వెళ్ళిపోయారు. అప్పటిదాకా నేను భయపడింది ఆ మాటకే. అది వచ్చేసింది, నాకేమీ అనిపించలేదు.

అమ్మాయి మాత్రం పుస్తకం మీంచి చూపు తిప్పలేదు. పెన్ను గీతల మీద వేలితో రుద్దింది. ఇంకు పోలేదు. తర్వాత నోటుబుక్కులో శనివారం రాసుకున్న పేజీ తీసి, చాలా మర్యాదగా అడిగింది.

"మరి పైన రాయించిన నేచురల్ నంబర్లు, ఇంటిజర్లు అయినా కరెక్టేనాండీ మేడం?"