ఎలుకను పట్టుకునే చెయ్యి

పరిశోధనశాలలో ఎలుకల గది అతని పని. రాగానే చొక్కా చేతులు మడిచి, బోన్లలో తడిసిన రంపపుపొట్టు ఎత్తిపోస్తాడు. చల్లటి చెయ్యి తగిలితే ఎలుకలు ఉలిక్కిపడతాయని అరచేతులు రుద్దుకుని గానీ వాటిని ముట్టుకోడు. వాటికి ముందు సూదిమందు పొడిచి షుగర్ తెప్పిస్తారు, తర్వాత ఇంకో ఎలుక క్లోమాన్ని అతికించి చూస్తారు. వీటికి కుదిరితే ఎప్పటికైనా మనుషులకీ కుదురుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో పెళ్లాం పొట్టంతా ఇన్సులిన్ సూదిపోట్లే. అందుకే అతను ఒక్కపూట కూడా మానడు.

మొన్న అతను పట్టుకుంటే డాక్టరమ్మ తోకలోకి ఆ షుగర్ మందు ఎక్కిస్తుండగా ఎలుక మెలి తిరిగి, చేతి తొడుగు మీంచే అతని బొటనవేలు కొరికింది. రక్తం చిమ్మింది.

"వదిలెయ్యవయ్యా బాబూ!" అని అరిచింది డాక్టరమ్మ.

"ముందు మందు పోనివ్వండమ్మా. ఇప్పుడు వదిలితే పాపం దీన్ని మళ్లీ పొడవాలి," అన్నాడు పళ్లు బిగించి. సూది బయటికొచ్చాకే పట్టు సడలించాడు.

"కోపం రాలేదూ?"

"రావాల్సింది దానికి కదమ్మా. హాయిగా తిరిగేదానికి రోగం అంటగట్టేది మనం. సూది చూస్తే మా ఆవిడా ఇలాగే రక్కుతుంది లెండి."

వేలు కడిగి గుడ్డ చుట్టుకున్నాడు. ఇక దీనికి దాహం ఆగదని ఆ బోనుకి రెండో నీళ్లసీసా తగిలించాడు. తర్వాత కొత్త తొడుగు వేసుకుని, "రావే తల్లీ" అంటూ పక్క బోను మూత తీశాడు.